బాస్కెట్‌ను బట్టే పొడి: ఇంటి ఎస్‌ప్రెసోపై పాఠకుల ప్రశ్నలు

ఇంట్లో ఎస్‌ప్రెసో యంత్రం పెట్టుకున్న పాఠకుల ఉత్తరాలు ఈసారి చాలావరకు ఒకచోటే తిరిగాయి. పొడి ఎన్ని గ్రాములు వేయాలి, ఏ బాస్కెట్ కొనాలి అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. చదివేటప్పుడు తికమక లేకుండా రెండు మాటలు ముందే చెబుతాం. హ్యాండిల్‌లో కూర్చునే చిల్లుల గిన్నె బాస్కెట్. అందులో నొక్కిన పొడిని బిళ్ల అంటున్నాం.

51 మి.మీ. బాస్కెట్ ఉన్న యంత్రం కొన్నాం. వీడియోల్లో అందరూ 18 గ్రాములు వేయమంటున్నారు. అంత వేస్తే హ్యాండిల్ పూర్తిగా తిరగడం లేదు. బలవంతంగా తిప్పితే పక్కల నుంచి నీళ్లు కారుతున్నాయి. యంత్రంలో లోపమా?
*— పాఠకుడు, కూకట్‌పల్లి*

యంత్రానికి ఏ రోగమూ లేదు. ఆ 18 గ్రాములు 58 మి.మీ. బాస్కెట్ లెక్క. కేఫుల్లోని యంత్రాలు చాలావరకు 58వే. ఇళ్లలో వాడేవాటిలో గాజియా క్లాసిక్, రాంచీలియో సిల్వియా కూడా అంతే. డెలాంగీ డెడికాది 51, బ్రెవిల్ బాంబినోది 54. అడ్డకొలతలో ఏడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పొడి పరుచుకునేది వైశాల్యం మీద. 51ని 51తో హెచ్చవేస్తే 2601, 58ని 58తో అయితే 3364. అంటే మీ బాస్కెట్ వైశాల్యం 58లో 77 శాతమే. అక్కడ 18 గ్రాములతో ఎంత ఎత్తు బిళ్ల అవుతుందో, మీ దగ్గర 14 గ్రాములతోనే అంత ఎత్తు అవుతుంది. మిగతా నాలుగు గ్రాములు ఎటు పోతాయి? పైకి లేచి షవర్ స్క్రీన్‌కు, అంటే యంత్రం నుంచి నీళ్లు చిమ్మే జల్లెడకు, తగులుతాయి. దాంతో హ్యాండిల్ పూర్తిగా తిరగదు, రబ్బరు గ్యాస్కెట్ సరిగ్గా ఒత్తుకోదు, ఒత్తిడి మీదున్న నీరు ఆ సందు చూసుకుని పక్కకు వచ్చేస్తుంది. ఇలాగే బలవంతం చేస్తూ పోతే గ్యాస్కెట్ త్వరగా పాడవుతుంది.

అసలు ఆ 18 కూడా శిలాశాసనం ఏమీ కాదు. ఇటలీ సంప్రదాయ ఎస్‌ప్రెసోకు 7 గ్రాములు, 25 సెకన్లు, కప్పులో 25 మిల్లీలీటర్లు. రెండు కప్పులకైతే 14 గ్రాములు. మీ 51 మి.మీ. బాస్కెట్ ఆ పాత లెక్కకు బాగానే సరిపోతుంది.

ఇక మీ బాస్కెట్‌కు ఎంత పడుతుందో మీరే తేల్చుకోండి. 14 గ్రాములు తూచి వేసి, సమంగా పరిచి, నొక్కండి. బిళ్ల మధ్యలో ఒక రూపాయి నాణెం పెట్టి హ్యాండిల్ బిగించండి. నీళ్లు వదలకుండానే విప్పి చూడండి. నాణెం పొడిలోకి దిగబడితే పొడి ఎక్కువైనట్టు, అర గ్రాము తగ్గించి మళ్లీ చూడండి. దిగబడకుండా పైనే ఉంటే సరిపోయినట్టు. నాణెం మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. తడిసినప్పుడు పొడి ఉబ్బుతుంది కాబట్టి ఆ మాత్రం ఖాళీ కావాలి. నాణెం మీద నాణెం పెట్టినా తగలకపోతే అర గ్రాము పెంచుకోవచ్చు. పరీక్ష చేసిన పొడిని పారేయకండి, గిన్నెలోకి దులిపి మళ్లీ సమంగా పరిచి నొక్కితే సరిపోతుంది.

ఇలా తేలిన అంకె ఆ గింజలకే వర్తిస్తుంది. ముదురుగా వేయించిన గింజ ఉబ్బి తేలికవుతుంది, అందుకే 14 గ్రాములే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. లేతగా వేయించినది బరువుగా, గట్టిగా ఉంటుంది, చోటు తక్కువ తీసుకుంటుంది. మాన్‌సూన్డ్ మలబార్ వాడేవారికి ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రుతుపవనాల తేమగాలికి ఆరబెట్టిన ఆ గింజ బాగా ఉబ్బి ఉంటుంది. మామూలు గింజ 14 పట్టే బాస్కెట్‌లో అది 13కే నాణేన్ని ముట్టుకోవచ్చు. గింజలు మారినప్పుడల్లా నాణెం పరీక్ష ఒకసారి చేయండి, రెండు నిమిషాల పని.

మొదటి వారం 14 గ్రాముల పొడితో 28 గ్రాముల కాఫీ, పంపు నొక్కిన క్షణం నుంచి 25 నుంచి 30 సెకన్లు, ఇదే లక్ష్యంగా పెట్టుకోండి. మార్కెట్లో 51 మి.మీ.లో లోతైన బాస్కెట్లూ ఉన్నాయి, 16 నుంచి 18 పట్టేవి. ఇప్పుడే వాటి జోలికి పోవద్దు.

యంత్రంతో వచ్చిన బాస్కెట్‌లో ఏ పొడి వేసినా పైన నురగ దట్టంగా వస్తోంది, రుచి మాత్రం చప్పగా ఉంటోంది. మేం వాడేది ఫిల్టర్ కాఫీకి కొనే చికోరీ పొడి. బాస్కెట్ మార్చాలా, పొడి మార్చాలా?
*— పాఠకురాలు, మల్కాజిగిరి*

ముందు బాస్కెట్‌ను దీపం వెలుగుకు ఎత్తి కింది నుంచి చూడండి. లోపల వందల చిల్లులున్నా బయట అడుగున ఒకే ఒక్క సూదిబెజ్జం కనిపిస్తే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్, అంటే రెండు గోడల గిన్నె. లోపలి చిల్లులే నేరుగా బయటికి కనిపిస్తూ వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే అది ఒంటిగోడ బాస్కెట్.

ఒంటిగోడలో నీటికి అడ్డు నిలిచేది బిళ్ల ఒక్కటే. పొడి ఎంత సన్నం, ఎంత సమంగా పరిచారు, ఎన్ని గ్రాములు అన్నవే నీటి వేగాన్ని నిర్ణయిస్తాయి. రెండు గోడల దాంట్లో ఆ పని సూదిబెజ్జం చేసిపెడుతుంది. పొడి ముతకగా ఉన్నా, తక్కువైనా ఒత్తిడి పుడుతుంది. బెజ్జంలోంచి జోరుగా చిమ్మే కాఫీలో గాలి కలిసి నురగ కడుతుంది. దాన్ని చూసి క్రీమా (మంచి ఎస్‌ప్రెసో పైన సహజంగా కట్టే నురగ) అని మురిసిపోకండి, పాచిపోయిన పొడి వేసినా అలాగే వస్తుంది. చప్పదనానికి కారణం ముతక పొడి, పాతపడ్డ పొడి.

మీ ఇంట్లో గ్రైండర్ లేకపోతే మాత్రం ఈ బాస్కెట్‌నే ఉంచుకోండి. కొట్లో ఆడించిన పొడిని ఒంటిగోడ బాస్కెట్‌లో వేస్తే పది సెకన్లలో నీళ్లలా జారిపోతుంది. గ్రైండర్ అంటే మిక్సీ కాదు. మిక్సీ బ్లేడు గింజను పగలగొట్టి నూకనూ దుమ్మునూ కలిపి పెడుతుంది. బర్ గ్రైండర్, అంటే రెండు పళ్ల బిళ్లల (బర్ల) మధ్య గింజను నలిపేది, చేత్తో తిప్పేదైనా సరే, ఎస్‌ప్రెసో సన్నానికి సన్నటి మెట్లతో సర్దుకునేది కావాలి. ఆ సన్నం ఎలా ఉంటుందంటే, రెండు వేళ్ల మధ్య రాస్తే బొంబాయి రవ్వలా గరగరలాడకూడదు, మైదాలా జారనూ కూడదు. ముగ్గుపిండిలా సన్నగా, కొద్దిగా బరకగా తగలాలి.

చికోరీ సంగతి. చికోరీ వేరు పొడి నీళ్లలో సులువుగా కరిగి, తడిసినప్పుడు జిగటగా మారుతుంది. ఒంటిగోడ బాస్కెట్‌లో సన్నగా నొక్కితే చిల్లులు పూడుకుపోయి చుక్కచుక్కగా కారుతుంది, లేదా అసలు రాదు. మన దేశపు నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరీ ఎంతో పొట్లం మీద ముద్రించాలి. కొనేముందు ఆ అంకె చదవండి. అయిదో పదో శాతమైతే రెండు గోడల బాస్కెట్‌లో నెట్టుకురావచ్చు. అప్పుడు కూడా మామూలు కంటే ఒకటి రెండు గ్రాములు తగ్గించి, గట్టిగా నొక్కకుండా పైపైన సర్దండి. తాగాక బాస్కెట్‌ను వెంటనే కడగాలి, ఆ ఒక్క బెజ్జం మూసుకుంటే పంపు మూలుగుతుంది తప్ప చుక్క పడదు. ముప్పై, నలభై శాతం చికోరీ పొడిని మాత్రం ఇత్తడి ఫిల్టర్‌కే వదిలేయండి. దాన్ని కనిపెట్టింది ఆ పొడికోసమే అన్నట్టుంటుంది అందులోంచి దిగే డికాషన్.

నేనొక్కడినే తాగుతాను. సింగిల్ బాస్కెట్‌లో 8 గ్రాములు వేస్తే ఒకరోజు బాగుంటుంది, మూడు రోజులు పాడవుతుంది. డబుల్ బాస్కెట్‌లోనే 9 గ్రాములు వేసుకోవచ్చా?
*— పాఠకుడు, సైనిక్‌పురి*

వేయకండి. 18 గ్రాముల బాస్కెట్‌లో 9 వేస్తే బిళ్ల మరీ పలచనవుతుంది, నీరు దాన్ని తేలిగ్గా చీల్చుకుపోతుంది. చెరువు కట్ట పలచగా ఉన్నచోట గండి పడినట్టే. గండి పడిన చోట పొడి అతిగా కరిగి చేదెక్కుతుంది, మిగతా పొడి తడిసీ తడవనట్టు ఉండిపోయి పులుపు మిగులుతుంది. ఒకే కప్పులో రెండు తప్పులూ.

సింగిల్ బాస్కెట్ మొండిది అవడానికి కారణం దాని ఆకారం. పైన 58 ఉన్నా కిందికి పోయేకొద్దీ గరాటులా సన్నబడుతుంది. కొన్నిటిలో మెట్టు దిగి అడుగు చిన్న గుంటలా ఉంటుంది, వాటికి 41 మి.మీ. టాంపర్ (పొడిని నొక్కే సాధనం) విడిగా కావాలి. మామూలు టాంపర్‌తో నొక్కితే అంచుల దగ్గర ఒకలా, మధ్యలో ఒకలా అవుతుంది. మీకు మేం చెప్పేది: 14 గ్రాముల డబుల్ బాస్కెట్ కొనుక్కుని, దాంతోనే ఒక షాట్ (ఒక విడతకు దిగే కాఫీ) తీసి పూర్తిగా మీరే తాగండి. అంత కెఫీన్ వద్దనుకుంటే సగం పొద్దున వేడిగా, సగం ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం చల్లటి పాలతో తాగండి.

రోజూ 18 గ్రాములే వేస్తాను. నిన్న 27 సెకన్లు పట్టిన షాట్ ఇవాళ 19కే అయిపోయింది. అప్పుడు 19.5 గ్రాములు వేసి నెమ్మదింపజేస్తున్నాను. ఇంకో వారానికి 20 కూడా చాలడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?
*— పాఠకుడు, గచ్చిబౌలి*

సరిగ్గా అక్కడే, పొడి పెంచడంలో. మీ గింజలు పాతబడుతున్నాయి. వేయించిన గింజలోంచి రోజురోజుకూ వాయువు పోతుంటుంది. అది తగ్గేకొద్దీ బిళ్ల నీటికి అడ్డుపడే శక్తి తగ్గి షాట్ వేగం పెరుగుతుంది. దానికి మందు గ్రైండర్‌ను ఒక మెట్టు సన్నం చేయడం. మీరు పొడి పెంచితే బిళ్ల ఎత్తు పెరిగి షవర్ స్క్రీన్‌ను ముట్టుకుంటుంది. కాలం కుదిరినట్టు కనిపిస్తుంది గానీ, 36 గ్రాముల నీరు 18కి బదులు 20 గ్రాముల పొడి లోంచి పోతోంది. పొడి పూర్తిగా కరగదు, రుచి పులుపు వైపు జారుతుంది. దాన్ని సరిచేయడానికి ఇంకేదో మారుస్తారు. చివరికి ఏది మార్చినందుకు ఏది మారిందో తెలియదు.

బాస్కెట్ మీద రాసిన అంకెకు ఒక గ్రాము అటో ఇటో, అంతకుమించి పోవద్దు. 18 బాస్కెట్ అంటే 17 నుంచి 19. అందులో మీ గింజలకు సరిపడే అంకె ఒకటి నాణెంతో తేల్చుకుని, ఆ సంచి అయిపోయేదాకా దాన్ని కదిలించకండి. కప్పులోకి వచ్చే బరువు కూడా స్థిరంగా ఉంచండి, 36 గ్రాములు. మిగిలింది గ్రైండర్ ఒక్కటే. ఉదాహరణకు 19 సెకన్లు వచ్చింది, ఒక మెట్టు సన్నం చేశారు, 24 అయింది. ఇంకో అర మెట్టుకు 28. ఇక ఆపి తాగి చూడండి. నాలుక అంచులు గుంజే పులుపుంటే ఇంకాస్త సన్నం. గొంతు ఎండినట్టు, వగరుచేదుగా ఉంటే కాస్త ముతక. నాలుకకు నచ్చిన షాట్ 32 సెకన్లదైతే 32 సెకన్లే మీ లెక్క. ఫోన్‌లో గడియారం చూస్తూ మంచి కాఫీని సింకులో పారబోసేవాళ్లు మనలో తక్కువేం లేరు.

మెట్టు మార్చిన వెంటనే వచ్చే మొదటి పొడిని నమ్మకండి. గ్రైండర్ పొట్టలో పాత సెట్టింగ్ పొడి కొంత నిలిచి ఉంటుంది. మూడు నాలుగు గ్రాములు ఆడించి పారేసి, ఆ తర్వాతే తూచండి. గింజలను తూచి వేస్తున్నారు కదా, బయటికి వచ్చిన పొడిని కూడా ఒకసారి తూచండి. 18 వేస్తే 17.3 వస్తే మిగతాది లోపలే ఉంది. వేసవిలో పొడి గ్రైండర్ గోడలకు అంటుకుని ఎగిరిపోతుంటే, గింజల మీద ఒక్క చుక్క నీళ్లు వేసి చెంచాతో కలిపి ఆడించండి. ఒక్క చుక్క అంటే ఒక్కటే.

కాటా విషయంలో కక్కుర్తి వద్దు. వంటింటి కాటా గ్రాము కంటే చిన్నది చూపించదు. అది 18 అంటే నిజంగా 17.5 కావచ్చు, 18.4 కావచ్చు. నగల దుకాణాల్లో వాడే తరహా చిన్న డిజిటల్ కాటా, 0.1 గ్రాము చూపేది, దీనికి చాలు. కప్పుతో సహా డ్రిప్ ట్రే మీద ఇమిడేది చూసుకోండి. మిల్లీలీటర్ల గీతలున్న చిన్న గ్లాసులను నమ్ముకోవద్దు, తాజా గింజల క్రీమా సగం గ్లాసు నింపేస్తుంది, అది దిగాక చూస్తే కాఫీ అడుగున ఉంటుంది.

యంత్రంతో వచ్చిన ఒంటిగోడ బాస్కెట్ ఉండగా ఐ.ఎం.ఎస్., వి.ఎస్.టి. లాంటి కంపెనీల బాస్కెట్లు కొనడం అవసరమా? గాడి ఉన్నది, లేనిది అంటారు, ఏది తీసుకోవాలి?
*— పాఠకుడు, మాదాపూర్*

గ్రైండర్ మంచిదైతేనే అవసరం. చిల్లులు ఒకే కొలతలో, ఒకే దూరంలో, అంచు దాకా పరుచుకుని ఉండటమే వాటి గొప్ప. మామూలు బాస్కెట్లలో కొన్ని చిల్లులు సగం పూడి, కొన్ని పెద్దవిగా ఉండటం కద్దు. కానీ గ్రైండర్ నుంచి వచ్చే పొడే ఎగుడుదిగుడుగా ఉంటే కింద చిల్లులు ఎంత సమంగా ఉండి ఏం లాభం? ముందు గ్రైండర్, తర్వాత కాటా, ఆ తర్వాతే బాస్కెట్.

కొన్నాక చాలామంది నిరుత్సాహపడే సంగతొకటుంది. పాత సెట్టింగ్‌తోనే ఆడించి వేస్తే షాట్ వేగంగా దిగి పలచగా వస్తుంది. చిల్లుల వైశాల్యం మొత్తం మీద పెరిగింది కాబట్టి ఇంకాస్త సన్నగా ఆడించాలి. సన్నగా ఆడించినప్పుడు ఉండలు కడతాయి, ఆ ఉండల చుట్టూ నీరు దారి చేసుకుంటుంది. అందుకని 0.3 లేదా 0.4 మి.మీ. సన్నటి సూదులున్న పుల్లతో అడుగు నుంచి పైదాకా కలిపి, ఆ తర్వాత నొక్కాలి. టాంపర్ కూడా సరిపోవాలి. 58 బాస్కెట్ లోపలి కొలత 58 కంటే కొంచెం ఎక్కువే, ఖచ్చితంగా 58 ఉన్న టాంపర్ అంచున సన్నటి వలయాన్ని వదిలేస్తుంది. 58.35 లేదా 58.5 దొరుకుతాయి. 54 యంత్రాలవారు మాత్రం పేరు చూసి 54 కొనేయకండి, బ్రెవిల్ బాస్కెట్లకు సరిపోయేది 53.3.

కొలతల పేర్లు చూసి బెదరక్కర్లేదు. ఐ.ఎం.ఎస్. బాస్కెట్ మీద బి70 2టి హెచ్24.5 అని ఉంటే, 70 అనేది పై అంచు బయటి కొలత, 2టి అంటే రెండు కప్పులది, 24.5 అనేది లోతు మిల్లీమీటర్లలో. వి.ఎస్.టి. వాళ్లు నేరుగా గ్రాములే రాస్తారు: 7, 15, 18, 20, 22, 25.

గాడి అంటే బాస్కెట్ గోడకు బయట చుట్టూ ఉండే ఉబ్బు. హ్యాండిల్ లోపలి తీగ స్ప్రింగ్ దానికి తగులుకుని బాస్కెట్‌ను పట్టుకుంటుంది. రుచిలో తేడా ఏమీ లేదు. గాడి లేనిది వేళ్లతో సులువుగా ఊడుతుంది, కడగడం తేలిక. కానీ స్ప్రింగ్ వదులైతే, బిళ్లను డబ్బాలోకి తట్టినప్పుడు బాస్కెట్ కూడా దాంతో పాటే చెత్తలోకి పోతుంది. స్ప్రింగ్‌ను బయటికి తీసి దాని వంపును కొద్దిగా సర్ది పెడితే పట్టు వస్తుంది.

ఇంట్లో నలుగురం. అత్తయ్యకు స్టీలు గ్లాసులో చిక్కటి పాల కాఫీ కావాలి, 18 గ్రాముల షాట్ పాలలో తేలిపోతోందంటారు. 22 గ్రాముల బాస్కెట్ తెచ్చుకోమంటారా?
*— పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్*

ముందు పాలు కొలిచి చూడండి. 36 గ్రాముల షాట్‌ను 250 మిల్లీలీటర్ల పాలలో పోస్తే ఏ బాస్కెట్టూ కాపాడలేదు. 110 నుంచి 120 మిల్లీలీటర్ల పాలు చాలు. అదీ కాకపోతే షాట్‌ను కుదించండి. అదే 18 గ్రాములతో, కొద్దిగా సన్నగా ఆడించి, 36కు బదులు 27 గ్రాముల దగ్గర ఆపేయండి. తక్కువ నీటిలో ఎక్కువ సారం, డికాషన్ చిక్కగా దించినట్టు. విడిగా తాగితే ఘాటుగా ఉంటుంది గానీ పాలలో నిలబడుతుంది. మూడో మార్గం గింజలు మార్చడం. అరబికాలో 20, 30 శాతం రోబస్టా కలిపి కాస్త ముదురుగా వేయించినవి తెచ్చుకుంటే అత్తయ్యగారు అడిగే ఆ గట్టిదనం వచ్చేస్తుంది. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపని గుర్తుంచుకుని, రాత్రిపూట ఇచ్చే కప్పు తగ్గించండి.

22 బాస్కెట్ పనిచేయదని కాదు. బిళ్ల ఎత్తు పెరిగితే నీటికి అడ్డు పెరుగుతుంది, గ్రైండర్‌ను ముతక వైపు జరపాలి, ప్రతి కప్పుకూ నాలుగు గ్రాములు అదనంగా ఖర్చు. 250 గ్రాముల సంచిలో 18 లెక్కన 13 షాట్లు వస్తే 22 లెక్కన 11. లోతైన బాస్కెట్ మీ హ్యాండిల్ అడుగుకు తగులుతుందేమో కూడా చూడాలి. రెండు ముక్కులున్న హ్యాండిళ్లలో కొన్నిటికి అంత లోతు ఉండదు, అడుగు కోసేసిన బాటమ్‌లెస్ హ్యాండిల్ కావాల్సి వస్తుంది.

ఒకే షాట్‌ను రెండు ముక్కుల్లోంచి రెండు గ్లాసుల్లోకి తీస్తే రెంటిలో సమానంగా పడదు. యంత్రం కాస్త వాలి ఉన్నా ఒకటి 14, ఒకటి 22 అవుతుంది. ఒకే గ్లాసులోకి తీసి, కాటా మీద పెట్టి పంచండి. అత్తయ్యగారికి పూర్తి షాట్, మిగతావాళ్లకు సగం సగం.

షాట్ అయ్యాక బిళ్ల పైన నీళ్లు నిలిచి బురదలా ఉంటోంది. పొడి తక్కువైనట్టా?
*— పాఠకుడు, నల్లకుంట*

కావచ్చు, కాకపోవచ్చు. షాట్ ఆపగానే పై నీటిని వెనక్కి లాగి ట్రేలోకి వదిలే త్రీవే వాల్వ్ చౌక యంత్రాల్లో చాలావాటికి ఉండదు. అలాంటి వాటిలో బురద మామూలే. వాల్వ్ ఉన్న యంత్రంలో కూడా బురద వస్తుంటే బిళ్ల మీద ఖాళీ ఎక్కువ ఉన్నట్టు, ఒక గ్రాము పెంచి చూడండి. కప్పులో రుచి బాగుంటే బురదను పట్టించుకోనక్కర్లేదు. ఒకటి మాత్రం జాగ్రత్త. వాల్వ్ లేని యంత్రంలో షాట్ ఆపగానే హ్యాండిల్ విప్పకండి. లోపల ఒత్తిడి ఉండగా విప్పితే వేడి పొడి ముఖం మీదికి చిమ్ముతుంది. అర నిమిషమైనా ఆగండి.

అరకు గింజలు, లేతగా వేయించినవి తెచ్చాం. బిళ్ల పైన పక్ స్క్రీన్ పెట్టి, 18 వేసి 36 తీస్తే నిమ్మరసంలా పుల్లగా ఉంది. డోస్ పెంచాలా?
*— పాఠకురాలు, తార్నాక*

తగ్గించండి. అరకు లోయ అరబికా 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కాఫీ. దాని పండ్ల పరిమళం తెలియాలనే లేతగా వేయిస్తారు. లేతగా వేయించిన గింజ గట్టిగా ఉంటుంది, సారం తేలిగ్గా వదలదు. అదే బాస్కెట్‌లో పొడి పెంచితే ఒక్కో గ్రాముకు దక్కే నీరు తగ్గి పులుపు ఇంకా ముదురుతుంది. 17 గ్రాములు వేసి, ఇంకా సన్నగా ఆడించి, 42 నుంచి 50 గ్రాముల దాకా తీయండి. పలచగా ఉంటుంది, అయినా తీపి బయటపడేది అక్కడే. యంత్రంలో వేడి సర్దుకునే వీలుంటే అన్నిటికంటే పై మెట్టులో పెట్టండి. థర్మోబ్లాక్ యంత్రాలు, అంటే నీటిని అప్పటికప్పుడు వేడిచేసేవి, నిమిషంలోపే సిద్ధమని దీపం వెలిగిస్తాయి గానీ హ్యాండిల్ చల్లగానే ఉంటుంది, తొలి షాట్ వేడినంతా అదే లాగేసుకుంటుంది. పొడి లేకుండా రెండుసార్లు ఉత్త వేడినీళ్లు పంపి, తుడిచి, అప్పుడు పొడి వేయండి.

బిళ్ల పైన పెట్టే పక్ స్క్రీన్ అనే జాలీ వాడుతున్నట్టు రాశారు. దాని మందం సాధారణంగా 1.7 మి.మీ. నాణెం పరీక్షలో మిగిల్చిన ఖాళీ మొత్తం అదే తినేస్తుంది. కాబట్టి పరీక్షను ఆ జాలీ పెట్టి, దాని మీద నాణెం ఉంచి చేయాలి. చాలామందికి ఒక గ్రాముకు పైనే తగ్గించాల్సి వస్తుంది.

ఏడాదిగా ఒకే గింజలు, ఒకే 18 గ్రాములు. నెలనెలా గ్రైండర్ ముతక చేసుకుంటూ పోవాల్సి వస్తోంది, లేకపోతే కాఫీ దిగడం లేదు. గ్రైండర్ పాడైందా?
*— పాఠకుడు, అల్వాల్*

బర్లు అరిగితే సాధారణంగా దీనికి విరుద్ధంగా, ఇంకా సన్నం చేయాల్సి వస్తుంది. మీది బాస్కెట్ పూడుకున్న లక్షణం. కాఫీ జిడ్డు చిల్లుల్లో చేరి గట్టిపడుతుంది. బాస్కెట్‌ను ఎండకో ట్యూబ్‌లైట్‌కో ఎత్తి చూడండి, చిల్లులు కొన్ని మసకగా కనిపిస్తాయి. హ్యాండిల్‌లోంచి తీసి, మరిగిన నీళ్లలో ఎస్‌ప్రెసో యంత్రాలకు అమ్మే క్లీనింగ్ పౌడర్ ఒక చెంచాడు కలిపి, ఇరవై నిమిషాలు నానబెట్టండి. పాత నైలాన్ బ్రష్‌తో రుద్ది బాగా కడగండి. గుండుసూదితో పొడవకండి, చిల్లు ఒకసారి పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు. బోరు నీళ్లు వాడుతుంటే తెల్లటి సున్నపు పొర కూడా ఉంటుంది, దానికి సిట్రిక్ యాసిడ్ కలిపిన వేడినీళ్లలో విడిగా ఇంకో పదిహేను నిమిషాలు. ఈ రెండింటినీ ఒకే గిన్నెలో కలపవద్దు. కడిగాక మొదటి షాట్ దూకుడుగా దిగుతుంది, గ్రైండర్‌ను ఏడాది కింద ఉన్న మెట్టు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.